తిమ్మిరి ఎక్కడ మొదలైంది?

మా డాక్టరమ్మగారు పోయారని సోమవారం పొద్దున తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడే రేపల్లెలో డ్యూటీకి బయల్దేరుతున్నాను. ఆవిడ దగ్గర పదకొండేళ్లు నర్సుగా చేశాను. ఈ పని నాకు తెలుసని ధైర్యంగా చెప్పగలుగుతున్నానంటే అది ఆవిడ నేర్పిందే.

ఆవిడ క్లినిక్‌కి ఎక్కువగా నరాల జబ్బులవాళ్లే వచ్చేవారు. అందరూ చెప్పేది ఒకటే మాట, తిమ్మిరి. ఆవిడ మందుల చీటీ ముట్టుకోకముందే అడిగేవారు: ఎక్కడ మొదలైంది, ఒక పక్కా రెండు పక్కలా, ఎన్నాళ్లుగా. వేటపాలెం జీడిపప్పు కార్ఖానాలో చేసే ఒకామె బొటనవేలి నుంచి మధ్యవేలి దాకా మొద్దుబారిందని, చిటికెనవేలు బాగానే ఉందని చెప్పింది. మణికట్టు దగ్గర నరం నలిగిందన్నారు. అమృతలూరు రైతు ఒకాయనకి ఒక పాదం వేలాడిపోయి చెప్పు నేలకు రాసుకుంటోంది. రోజుల తరబడి గొంతుక్కూర్చుని నారు పీకాడని తెలిశాక, మోకాలి పక్కన నరం నొక్కుకుందన్నారు. రెండు పాదాలూ మేజోళ్లు తొడిగినట్టు మొద్దుబారితే ముందు షుగర్ పరీక్ష రాసేవారు.

ఒకసారి కొలకలూరు నుంచి ఓ అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చారు. పది రోజుల కింద విరేచనాలై తగ్గాయట. మొన్న పాదాల్లో జివజివ, నిన్న మెట్లెక్కలేకపోయింది, ఆ రోజు కుర్చీలోంచి లేవలేకపోతోంది. నీరసమేనండి, సెలైన్ పెట్టండన్నాడు భర్త. డాక్టరమ్మగారు చిన్న సుత్తితో మోకాలి మీద తట్టారు. కాలు కదల్లేదు. ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పమన్నారు. ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

"సెలైన్‌తో పోయేది కాదు బాబూ. ఇది కాళ్ల నుంచి పైకి ఎక్కుతోంది. ఊపిరి దాకా రాకముందే గుంటూరు చేరాలి," అన్నారు.

బయట కూర్చున్నవాళ్లకి దణ్ణం పెట్టి, తన కారు తనే నడిపారు. దారంతా ఆ అమ్మాయి చేత లెక్కపెట్టిస్తూనే ఉండమని నాకు చెప్పారు. చేరేసరికి అయిదు అంకెల దగ్గరే ఆగిపోతోంది. ఆ సాయంత్రమే వెంటిలేటర్ పెట్టారు. నాలుగు నెలలకు ఆ అమ్మాయి కర్ర లేకుండా నడిచొచ్చింది. డాక్టరమ్మగారు పొగడనివ్వలేదు. నాతో మాత్రం, "జబ్బు పేరు తెలియకపోయినా పర్వాలేదమ్మాయ్. పైకి ఎక్కుతోందా లేదా, అది కనిపెట్టు," అన్నారు. ఇప్పుడు కొత్తగా వచ్చే నర్సులకు నేనూ అదే చెబుతున్నాను. ఓపిక ఉన్నంతకాలం చెబుతాను.

షుగర్ ఆవిడనీ వదల్లేదు. పోయిన నెల చూడ్డానికి వెళితే, తను కళ్లు మూసుకుని, తన కాలి మీద దూదితో తాకుతూ రమ్మన్నారు. వేళ్ల దగ్గర తెలియలేదు. మడమ దగ్గరా తెలియలేదు. పిక్క సగానికి వచ్చాక, "ఇక్కడ," అన్నారు. అక్కడ పెన్నుతో గీయమన్నారు, ఎంత జరిగిందో వచ్చే నెల చూద్దామన్నారు. గీశాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, ఇంకెవరిదో కాలు చూస్తున్నట్టు, ఆ నీలం గీతని చాలాసేపు పరీక్షగా చూశారు.