సుబ్రమణి కనిపెట్టిన చైనా కొంగ

సుబ్రమణి కంటికి ఏదీ నచ్చదు. నచ్చకపోవడానికే కంపెనీ అతనికి నెలనెలా జీతం ఇస్తుంది. హోసూరులో బండ్ల ఇంజన్లకు ఇనుప భాగాలు పోతపోసే ఒక కంపెనీలో అతను క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. అచ్చులోంచి వచ్చిన ప్రతి ముక్కనూ తిప్పి తిప్పి చూస్తాడు. వెంట్రుకవాసి తేడా కనిపించినా దాని మొహాన ఒక రంగు పట్టీ గీస్తాడు. పట్టీ పడిన ముక్క మళ్ళీ కొలిమికి పోవలసిందే. రిజిస్టరులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో ఇరవై ఏళ్లుగా అతను 'బాగాలేదు' అని ఒక్క మాటే రాస్తున్నాడు. అంతకంటే వివరం అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ పట్టీకి వాడేది మంచి ఎర్ర రంగు కాదు. దాని ధర ఎక్కువని, ఇనుప గేట్లకు తుప్పు పట్టకుండా పూసే రెడాక్సైడ్‌ను కంపెనీ డబ్బాల లెక్కన తెప్పిస్తుంది. ముదురు ఇటుక రంగులో ఉంటుంది. షిఫ్టు ముగిశాక ఆ బ్రష్షులూ డబ్బాలూ కడగడం మారియప్ప పని. మారియప్ప పదిహేనేళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్న పెద్దాయన. కడిగిన నీళ్లు ఎటు పోతాయో సుబ్రమణి ఎన్నడూ చూడలేదు. చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు, పైగా అయిదూ పదికల్లా కంపెనీ బస్సు కదిలిపోతుంది.

ఆ కంపెనీలో ఇరవై ఏళ్లు నిండినవాళ్లకు ప్రెషర్ కుక్కర్ ఇవ్వడం ఆనవాయితీ. సుబ్రమణి భార్య మంజు దాని మీద గంపెడాశ పెట్టుకుని, ఇంట్లో ఉన్న పాత కుక్కర్‌ను రెండేళ్లుగా బతిమాలుకుంటూ నెట్టుకొస్తోంది. సరిగ్గా ఆ ఏడే పెద్దల్లో ఎవరికో కొత్త ఆలోచన పుట్టింది. కుక్కర్లకు బదులు బైనాక్యులర్లు పంచారు.

"ఇరవై ఏండ్లు చాకిరీ చేస్తే ఇదా ఇచ్చినారు?" అంది మంజు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి. "దీంట్లో పప్పు ఉడుకుతుందా?"

పప్పు ఉడకదని తేలిపోయింది కాబట్టి సుబ్రమణి దాన్ని కళ్లకు పెట్టుకుని కిటికీలోంచి చూశాడు. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద గోరింక కూర్చుని ఉంది. గోరింక కంటి వెనక పసుపుపచ్చని చర్మం ఉంటుందని అతనికి నలభై నాలుగో ఏట తెలిసింది. ఆ పసుపు రెండు కళ్ల దగ్గరా సమానంగా ఉందో లేదో పరిశీలించడంతో అతని పక్షుల వేట మొదలైంది.

వేట అంటే చూడటమే. చూసి, పేరు రాసుకుని, ఇంటర్నెట్‌లో జాబితాకు ఎక్కించడం. మొదటి శీతాకాలం కెలవరపల్లి డ్యామ్ దగ్గరికి తెల్లవారుజామున పోయి, ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో ఎగిరొచ్చిన బాతులను చూసి, 'రెక్క అంచు అరిగింది' అని రాసుకొచ్చాడు. ఎండాకాలం డెంకణికోట అడవి అంచుకు పోయాడు. అక్కడ రాగి చేనుకు కాపలా ఉన్న రైతు ఆశగా పరుగెత్తుకొచ్చి, "అప్పా, ఏనుగులు యాడుండాయో దాంట్లో చూసి చెప్పప్పా" అని అడిగాడు. సుబ్రమణి తాను పిట్టలను మాత్రమే చూస్తానన్నాడు. ఆ రైతు అతన్ని ఎగాదిగా చూసిన చూపుకు ఇంకొకడైతే బైనాక్యులర్లు అక్కడే పారేసి వచ్చేవాడు. వానాకాలం సొంత ఊరు ఉద్దనపల్లి చేలలో బురద తొక్కాడు. ఇలా మూడేళ్లు కాలం తిరిగేసరికి జాబితాలో రెండు వందల పదకొండు రకాలు చేరాయి.

రెండు వందల పదకొండూ అందరూ చూసినవే. ఏ ఒక్కటీ అరుదైనది కాదు. కృష్ణగిరిలో పాత్రల అంగడి నడిపే ఉపేంద్ర జిల్లా పక్షి ప్రేమికుల సంఘానికి కార్యదర్శి. ఆయన జాబితాలో రెండు వందల అరవై ఉన్నాయి, అందులో మూడు ఈ జిల్లాలో మొదట ఆయన కంటికే పడ్డాయి. ఆ సంగతి ఆయన అంగడికి గరిటె కొనడానికి వచ్చినవాళ్లకు కూడా చెబుతాడు. సుబ్రమణికీ ఒక్కటి కావాలి. ఒక్కటంటే ఒక్కటి, దాని పక్కన తన పేరు ఉండాలి. నిద్రలో కూడా అదే ధ్యాస.

ఏప్రిల్ చివర, మామిడి జల్లుకు మబ్బు పట్టిన ఒక ఉదయం, అది దొరికింది. ఎక్కడో అడవిలో కాదు, కంపెనీ గోడ వెనక ఉన్న చిన్న చెరువులో. ఎండలకు చెరువు ఇంకి, గోడ కిందనుంచి వచ్చే కాలువ దగ్గర ఒక మడుగు మిగిలింది. ఆ మడుగు అంచున రాయి మీద కొంగ నిలబడి ఉంది. తలా మెడా ముదురు ఇటుక రంగు. సుబ్రమణి బైనాక్యులర్లు దించలేదు. మనవైపు ప్రతి గుంటలోనూ కనిపించే గుడ్డికొంగ ఇలా ఉండదు. మనిషి దగ్గరికి వచ్చేదాకా కదలకుండా నిలబడుతుందని దానికా పేరు. ఎండాకాలం జత కట్టే రోజుల్లో దాని వీపు ఎర్రబడుతుంది గాని, తలా మెడా లేత గోధుమ రంగులోనే ఉంటాయి. తలా మెడా ఎర్రగా, వీపు నల్లగా ఉండేది దాని దాయాది, చైనా గుడ్డికొంగ. దక్షిణాదికి అది దారి తప్పి వస్తే వచ్చినట్టు. ఉద్యోగమంతా, కంపెనీ యంత్రాలకు వచ్చే చైనా బేరింగులను కూడా రిజెక్ట్ చేస్తూ వచ్చిన సుబ్రమణి, చైనా సరుకును చూసి అంత పొంగిపోవడం అదే మొదలు.

ఫోటోలు తీశాడు. కొంగ ఎడమ కాలికి నడిమి వేలు సగమే ఉందని కూడా రాసుకున్నాడు. రాయకపోతే అతను సుబ్రమణి ఎలా అవుతాడు.

జిల్లా జాబితాలను సరిచూసే శోభన మేడమ్ కృష్ణగిరిలో కాలేజీ లెక్చరరు. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"సార్, ఫోటో చూసినాను. తల, మెడ సరిగ్గా ఉండాయి. వీపు మాత్రం ఆ మబ్బులో తెలియడం లేదు. మీరు కండ్లారా చూసినారు కదా, నల్లగా ఉండెనా?"

నిజానికి వీపు ఏ రంగో అతనికీ తెలియలేదు. ముదురుగా ఉంది, అంతే. కంపెనీలో అయితే ఇలాంటి ముక్కను పక్కన పెట్టి వెలుతురులో మళ్ళీ చూస్తాడు.

"నల్లగానే ఉండె మేడమ్," అన్నాడు.

జాబితాలో ఆ పేరు పక్కన 'ధ్రువీకరించబడినది' అని పడింది. ఇక సుబ్రమణి కాళ్లు నేల మీద ఆనలేదు. బెంగళూరు నుంచి తుపాకీ గొట్టాలంత కెమెరాలతో ఎనిమిది మంది కార్లలో దిగారు. ఆ రోజు కొంగ రాలేదు. వచ్చినవాళ్లు వట్టి చేతులతో పోవడం ఎందుకని, అది నిలబడిన రాయిని ఫోటో తీసుకుని వెళ్లారు. మంజు తన అక్కచెల్లెళ్లందరికీ ఫోన్ చేసి, మా ఆయన చైనా కొంగను పట్టినాడని చెప్పింది. పట్టలేదు, చూశాడని అతను సవరిస్తే, "రెండూ ఒకటే, ఉండండి" అంది. డిసెంబరులో కృష్ణగిరిలో జరిగే సంఘం వార్షిక సభలో సుబ్రమణికి సన్మానం అని ఉపేంద్ర ప్రకటించాడు. శాలువాతో పాటు తన అంగడి నుంచి అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ అని కూడా చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మంజుకు పక్షుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

వానాకాలం వచ్చింది, పోయింది. చెరువు నిండింది. నవంబరు నెలాఖరులో, సభకు వారం ఉందనగా, కొంగను ఇంకొక్కసారి చూద్దామని సుబ్రమణి ఒక సాయంత్రం బస్సు వదులుకుని గోడ వెనక్కి పోయాడు. కొంగ అక్కడే ఉంది, అదే రాయి, అదే సగం వేలు. కాని మెడ నిండా గోధుమ రంగు చారలతో కొత్త ఈకలు వచ్చాయి. వాటి మధ్య పాత ఎర్ర ఈకలు కొన్ని, అంటుకుపోయి, పెచ్చులు కట్టి కనిపించాయి. కాలం మారితే ఈకల రంగు మారడం అతనికి తెలుసు. ఈకలు పెచ్చులు కట్టడం మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అంతలో వెనక తలుపు తెరుచుకుని మారియప్ప డబ్బా పట్టుకుని వచ్చాడు. బ్రష్షులు కాలువలో జాడించాడు. నీళ్లు ఎర్రగా మడుగులోకి దిగాయి. క్యాంటీన్ ప్లేట్లు కడిగిన మెతుకులు కూడా అక్కడికే వస్తాయి కాబట్టి, చేపపిల్లలు బిలబిలా మూగాయి. కొంగ అలవాటైన దారిలో నడిచొచ్చి, మెడ దాకా ఆ ఎర్రనీళ్లలో ముంచి, ఒక చేపను పట్టుకుంది.

"ఇది... ఇది దినామూ వస్తుందా?" అన్నాడు సుబ్రమణి.

"మూడేండ్లుగా వస్తుంది సార్. మన కురుట్టు కొక్కే కదా," అన్నాడు మారియప్ప. గుడ్డికొంగను తమిళంలో అలాగే అంటారు. "ఇప్పుడు వాననీళ్లు కలిసి పల్చగా ఉంది. ఎండాకాలం చూసుండాల మీరు. నీళ్లు తక్కువ, అంతా రంగే. తల ఎర్రగా గేటు మాదిరి అయిపోయుండె."

ఎండాకాలమే చూశాడు. చూసి చైనాకు అంటగట్టాడు.

ఆ వారమంతా సుబ్రమణి నిద్రపోలేదు. సమర్థించుకోవడానికి సాకులేమీ తక్కువ కాలేదు. మేడమ్ ఒప్పుకుంది, తానేమీ బలవంతం చేయలేదు. కొంగ వచ్చి సాక్ష్యం చెప్పదు. మారియప్పకు ఇంటర్నెట్ లేదు. ఇన్ని ముక్కలు రిజెక్ట్ చేసినవాడికి ఒక ముక్క వదిలేసే హక్కు ఉండదా. ఇవన్నీ వరసగా పేర్చుకుని పడుకుంటే, ఎర్రనీళ్లలో మునిగే మెడ కళ్ల ముందుకు వచ్చేది. లేచి కూర్చునేవాడు.

సభ రోజు మొదటి వరసలో మంజు కొత్త చీర కట్టుకుని కూర్చుంది. వేదిక మీద కుక్కర్ పెట్టె రిబ్బను చుట్టుకుని సిద్ధంగా ఉంది. ఉపేంద్ర శాలువా కప్పాడు. శోభన మైకు తీసుకుంది.

"ఫోటోలో వీపు తెలియలేదు. ఇంకెవరైనా అయ్యుంటే ఒప్పుకునే దాన్ని కాదు," అంది. "సార్ పనే తప్పులు పట్టడం. ఆయన నల్లగా ఉందన్నారు. ఆ మాట చాలనుకున్నాను."

చప్పట్లు మోగాయి. సుబ్రమణి ముందుకు వచ్చాడు. మైకు అందుకున్నాడు.

"వీపు నల్లగా ఉందో లేదో నాకు తెలియలేదు మేడమ్. తెలుసని అబద్ధం చెప్పినాను. నాకు చైనా కొంగ కావాల్సుండె. అది మన గుడ్డికొంగే. తలకు అంటింది రెడాక్సైడు. ఆ రంగు మా కంపెనీది. దినామూ గీసేది నేనే, అది యాడికి పోతుందో ఒక దినమూ చూడలేదు."

కప్పిన శాలువా వెనక్కి తీసుకోవడం ఎలాగో ఉపేంద్రకు తెలియలేదు. కుక్కర్ సంగతి మాత్రం తెలిసింది. కాలితో మెల్లగా పెట్టెను బల్ల కిందికి తోశాడు. పెట్టె వెళ్లిన దారినంతా మంజు రెప్ప వేయకుండా చూసింది. శోభన మైకు వెనక్కి తీసుకుంది. "రాత్రికి జాబితాలో చైనా పేరు తీసేసి గుడ్డికొంగ అని దిద్దండి సార్, కారణం గడి నింపాల," అంది. ఆ రాత్రి సుబ్రమణి తన జీవితంలో మొదటిసారి 'కారణం' గడిలో పదకొండు పంక్తులు రాశాడు.

బ్రష్షు నీళ్లను డ్రమ్ములో పట్టే ఏర్పాటు చేయాలని కంపెనీకి ఉత్తరం ఇచ్చాడు. ఏ కస్టమరు ఫిర్యాదు చేశాడని పైవాళ్లు అడిగారు. కొంగ అని రాయలేక, ఎర్ర సుద్దముక్కల పెట్టె ఒకటి తానే కొనుక్కుని దాంతోనే గీయడం మొదలుపెట్టాడు. మారియప్పకు కడిగే పని తప్పి, అరగంట ముందే బస్సు దొరుకుతోంది.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ఒక ఆదివారం మంజును కూడా చెరువుగట్టుకు తీసుకుపోయాడు. సగం వేలు కొంగ రాయి మీద ఉంది. వీపు ఎర్రగా, తలా మెడా లేత గోధుమ రంగులో, ఉండవలసిన కాలంలో ఉండవలసినట్టు ఉంది. మెడ మీద ఎక్కడైనా రంగు మిగిలిందేమోనని సుబ్రమణి చాలాసేపు వెతికాడు. మిగల్లేదు. రెండు వందల పదకొండు రకాలు చూసినప్పుడు రాని నీళ్లు ఇప్పుడు కళ్లలోకి వచ్చాయి. తుడుచుకుని, ఫోనులో రాశాడు. గుడ్డికొంగ, సంఖ్య ఒకటి.

మంజు పక్కనుంచి తొంగి చూసింది. పాత కుక్కర్‌తోనే వండిన చిత్రాన్నం డబ్బా మూత తీస్తూ, "పోయిన ఏడాది చూసినప్పుడు ఒకటి అని రాసినారా?" అని అడిగింది.

"అవును. ఒకటే కదా ఉండె."

"రెండు అని మార్చండి," అంది మంజు. "ఒకటి రాయి మీద, ఇంకొకటి దాన్ని చూస్తూ ఈ గట్టు మీద."

సుబ్రమణి ఆ మాటను తిప్పి తిప్పి చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.