బాపు చెప్పిన కొండముచ్చులు

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. చదివింది జంతుశాస్త్రం, కంటితో చూడనిది నమ్మే అలవాటు లేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మా బాపు అమ్రాబాద్ అడవిలో వాచర్‌గా పనిచేసేవాడు. చదువు రాదు. సెలవులకు ఇంటికెళ్తే పొద్దున్నే నన్ను వాగు దాకా తీసుకెళ్లేవాడు. నోటికి చేతులు అడ్డం పెట్టి అచ్చం కొండముచ్చులా రెండుసార్లు కూసి, వెంటనే బీడీ దగ్గు ఒకటి దగ్గేవాడు. చెట్ల మీది గుంపు దిగొచ్చేది. ఆ పొద్దులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

కొమ్మ మీదున్నదాన్ని చూసి నేనేదో జాతి పేరు చెప్పబోతే కసురుకునేవాడు. "కూసున్నప్పుడు ఏం తెలుస్తది బిడ్డా? నడవనియ్యి. అప్పుడు తోక జూడు."

ఇక్కడి కొండముచ్చులు నడిచేటప్పుడు తోకను వెనక్కి వంచుతాయి. ఉత్తరాది జాతి తలవైపు వంచుతుంది. వాగు దగ్గరి గుంపు ఆ ఉత్తరాదిదేనని బాపు చెప్తే ఒక ఆఫీసరు పదిమందిలో నవ్వాడు. ఆ నవ్వును బాపు మర్చిపోలేదు. దవాఖానలో చివరి రోజుల్లో కూడా "నువ్వన్నా పొయ్యి సూడు" అన్నాడు.

ఆయన పోయిన మరుసటి ఏడు, ఆ వాగు దగ్గర అటవీశాఖ చేసే కొండముచ్చుల సర్వేకు పేరిచ్చాను. తోడు ఒక విద్యార్థిని. మూడు రోజులు గడిచినా గుంపు కొమ్మలు దిగలేదు. బాపులా కూయబోతే నా గొంతుకు నాకే నవ్వొచ్చింది. చివరి రోజు ఎండెక్కాక, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఆశ వదులుకుని కూర్చున్నాం.

వాగు అవతల నుంచి రెండు కూతలు వినిపించాయి. వెంటనే ఒక దగ్గు.

"అక్కా, ఆడ ఎవరో ఉన్నరు" అంది ఆ పిల్ల. నేను లేచి కెమెరా అందుకున్నాను. గుంపంతా దిగి ఇసుక మీద నడిచింది. తోకలన్నీ తలవైపే. ఏడుస్తూనే ఫొటోలు తీశాను.

తర్వాత వాగు దాటి వెతికాం. అవతలి ఒడ్డున తడి ఇసుక మీద ఒక్క అడుగు కూడా లేదు. దగ్గరి పెంటలో, అంటే చెంచుల గూడెంలో అడిగితే, ఆ పొద్దు ఎవరూ అటు రాలేదన్నారు. రికార్డింగ్ విన్న మా జంతుశాస్త్రం సార్ ఆ కూతలు కొండముచ్చువి కావు, మనిషివి అన్నారు. బాపు కూత కోతులే నేర్చుకున్నాయేమో అనుకుందామంటే, ఆ దగ్గు సంగతేమిటి?

ఫొటోలు చూసి అటవీశాఖవాళ్లు అది ఉత్తరాది జాతేనని ఒప్పుకున్నారు. సర్వే ఫారంలో 'గుర్తించినవారు' అన్నచోట బాపు పేరు రాశాను. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పోయి ఏడాదైంది కదమ్మా, ఆ రోజు అక్కడికి ఎట్లా వచ్చాడని అడిగారు.

నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.