కెమెరా కోసం మూసేసిన అలారం

ఫోను తయారుచేసిన కంపెనీకి నేను పంపిన ఫిర్యాదులకు ఇంతవరకూ జవాబు లేదు. "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని మిషను పంపే మాటను నేను జవాబు కింద లెక్కపెట్టను.

మాది నూజివీడు దగ్గర మామిడి తోట. రసాలు కోసి, తోటలోనే చల్లని గదిలో మాగబెడతాం. గదిలో వేడి పెరిగితే నా ఫోన్లో అలారం మోగాలి. అందుకోసం ఒక యాప్ ఎప్పుడూ వెనకాల నడుస్తూ ఉండాలి. దాన్ని మూయవద్దని సెట్టింగుల్లో నేనే నా చేత్తో పెట్టాను.

పోయిన వేసవిలో ముసునూరు పెళ్లికి వెళ్లాం. జీలకర్ర బెల్లం పెట్టే వేళ మా బావమరిది తొందరపెట్టాడు. "చూస్తావేంటి బావా, ఫొటో తియ్యి!" కెమెరా తెరిచాను. మెమరీ చాలలేదట. కెమెరాకు చోటివ్వడానికి ఫోన్లోని సిస్టం నా అలారం యాప్‌ను చంపేసింది. ముందు అడగలేదు, తర్వాత చెప్పనూ లేదు. నేనెప్పుడో సగం చూసి వదిలేసిన క్రికెట్ వీడియోను మాత్రం భద్రంగా అట్టేపెట్టుకుంది.

ఆ పూటే గదిలో కూలింగ్ మిషను ఆగిపోయింది. మర్నాడు వచ్చి తలుపు తీసేసరికి పులిసిన వాసన ముఖాన కొట్టింది. కాయలు తొడిమల దగ్గర నల్లబడి, పట్టుకుంటే చితికిపోతున్నాయి.

"నీకంటే నీ ఫోనుకే మతిమరుపు ఎక్కువ బావా" అని బావమరిది నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోను. సరుకు కోసం వచ్చిన వర్తకుడి లారీ ఖాళీగా తిరిగిపోయింది. ఇప్పుడాయన నా గొంతు వింటేనే ఫోను పెట్టేస్తున్నాడు.

హనుమాన్ జంక్షన్‌లో ఫోన్ల షాపాయనకు చూపించాను.

"మెమరీ తక్కువండీ. అందుకే వెనకున్నవి మూసేస్తుంది. కొత్తది తీసుకోండి."

"మూయొద్దని పెట్టాను కదయ్యా?"

"పెట్టుకోవడం మన సరదా అండీ. వినాలని దానికి రూలేం లేదు."

ఎండల్లో మామిడి చెట్టుకూ నీరు చాలదు. అప్పుడది ముందు పిందెలు రాలుస్తుంది, టెంక కట్టిన కాయను వీలైనంతవరకూ పట్టుకునే ఉంటుంది. ఆ సిస్టం రాసినవాళ్లకు ఈపాటి వరస తట్టలేదు. కంపెనీవారూ, ఊరికే పడున్నదాన్ని ముందు మూయండి. యజమాని వద్దన్నదాన్ని అన్నిటికన్నా చివర్న పెట్టండి. ఇక తప్పదనుకుంటే, మూసేముందు ఒక్కసారి గంట కొట్టండి. ఇందులో మీకొచ్చిన కష్టమేంటి?

ఈ ఏడాది కోతలు మొదలయ్యాయి. గదిలో మళ్లీ కాయలు పెట్టాను. నా ఫోన్లో ఉన్నది అదే సిస్టం. ఆ గది వదిలి నేను బయటికి వెళ్లవచ్చా, వెళ్లకూడదా? మిషను చేత చెప్పించకండి. మీలో ఒక మనిషి జవాబు చెప్పండి.