జోరీగలు మెచ్చిన సంచి

"లచ్చి మీద ఈగలు ముసురుతున్నాయే. నువ్వోపాలి ఎల్లి సూడు."

"ఈగలే కదా. సూస్తాన్లే. ముందు ఆ గంజి తాగు."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. గంజి గిన్నె కడిగి వచ్చేసరికి ఆయన లేడు. అంతకాలం కాపురం చేసి చివరికి ఈగల గురించా మాట్లాడుకున్నది, కాస్త మంచి మాట ఏదైనా అనుకోకూడదా అని మా చుట్టాలు నొచ్చుకుంటారు. వాళ్లకేం, వాళ్ల మొగుళ్లు బతికే ఉన్నారు. మంచి మాటలు అనుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది.

ఇది నేను చెబుతుంటే మా అన్న కూతురు సరోజ రాస్తోంది. బస్సు మీది అంకెలు, దోమతెర కొలతలు, నా సంతకం, ఇంతే నా చదువు. బర్మాలో ఈ యాంగోన్ చుట్టుపక్కల పశువుల్ని పెట్టుకున్న మన తెలుగువాళ్లు ఇంకా కొందరున్నారు. దలా వెళ్లి ఈగల బోను చూడాలనుకుంటే వాళ్లకు దారి తెలుస్తుందని ఈ ప్రయాణం చెప్పిస్తున్నాను.

మా ఆయన అహ్లోన్ రేవులో మూటలు దింపేవాడు. రెండు ఆవుల్ని కొని, నది అవతల దలాలో తన తమ్ముడు అప్పారావు సాలలో కట్టాడు. తల్లి లచ్చి, దాని పెయ్య చుక్క. ఆయన పోయాక మూడు నెలలు నేను ఎవరి గడపా తొక్కకూడదన్నారు. తొక్కలేదు. ఆ మూడో నెలలోనే లచ్చి పోయింది. మేత మేస్తూనే చిక్కిపోయిందట, వెనక కాళ్లు తడబడ్డాయట, పడిపోయి మరి లేవలేదట.

పశువుల డాక్టరమ్మ గాజుపలక మీద పెయ్య నెత్తురు వేసి చూసి, తల్లికీ దీనికీ సర్రా జబ్బు అంది. జోరీగ తెస్తుందట. ఒక పశువు నెత్తురు మూతికి పూసుకుని, ఆ తడి ఆరకముందే పక్క పశువు మీద వాలి అంటిస్తుందట. చుక్కకు ఇంజెక్షను ఇచ్చింది. అది బాగుపడి చూలు కట్టాక, "మళ్లీ ఈగలు అంటించాయంటే కడుపు పోతుంది, ఆవూ పోవచ్చు" అని చెప్పింది.

బోను బొమ్మ గీసి ఇచ్చిందీ ఆవిడే. ఆఫ్రికాలో సెట్సీ అని ఒక ఈగ ఉందట. అది కుడితే పశువులు చిక్కి చస్తాయి. మనుషులైతే పగలంతా కునికిపాట్లు పడి, చివరికి లేవకుండా పోతారట. నిద్ర జబ్బు అంటారట దాన్ని. మన సర్రా దానికి దాయాది. ఆ ఈగకు నీలం రంగంటే ప్రాణం. అందుకని నీలం గుడ్డా నల్ల గుడ్డా నిలువుగా కట్టి, పైన దోమతెరను గోపురంలా కుట్టి, కొసన సీసా పెడతారు. ఈగ నీలాన్ని చూసి వస్తుంది, నలుపు మీద వాలుతుంది, వెలుతురు కోసం పైకి ఎగబాకి సీసాలో పడుతుంది. మన జోరీగకూ రంగుల విషయంలో అదే అభిరుచి అట. తామ్వేలో నేను దోమతెరలు కుట్టి బతుకుతున్నదాన్ని. ఇన్నేళ్లూ పురుగు లోపలికి రాకుండా కుట్టాను. రమ్మని పిలుస్తూ కుట్టడం ఇదే మొదలు.

బోను కుట్టి పంపాను. మిగిలిన నీలం గుడ్డతో నాకొక భుజం సంచి కుట్టుకున్నాను. నెల తిరిగాక అప్పారావు ఫోను చేశాడు.

"వొదినా, ఒక్క ఈగ పడనేదు. అది ఆఫ్రికా ఈగల కోసం సేసింది. మన ఈగలకి అంత తెలివి నేదు. చుక్క ఉత్తినే పోయేకంటే ఆదివారం బేరగాడికి ఇచ్చేత్తాను."

బేరగాడు ఆవును పాల కోసం కొనడు. ఆయన చూడమన్న తల్లి ఎలాగూ పోయింది. పిల్లనైనా చూద్దామని శుక్రవారం పొద్దున బయల్దేరాను.

ఆరింటికి తామ్వేలో బస్సు. వాన పడుతోంది. బస్సులో అందరూ గొడుగుల నీళ్లు పక్కవాళ్ల కాళ్ల మీద వంపుకుంటూ మర్యాదగా కూర్చున్నారు. ఏడింటికి పాన్సొడాన్ రేవు. అక్కడ ఒక గిన్నెడు మొహింగా తిన్నాను. చేపల పులుసులో సేమ్యాలాంటిది, వేడిగా ఉంటే ఎలా ఉన్నా బాగుంటుంది. ఏడుంపావుకు ఫెర్రీ. దాటడానికి పట్టేది కాసేపే గానీ, ఆ కాసేపట్లో పుచ్చకాయ ముక్కల నుంచి చెవి పుల్లల దాకా అన్నీ అమ్ముతారు. పిట్ట గుడ్లు అమ్మే బర్మా ఆవిడ నా పక్కన బుట్ట దించింది.

"డో, సంచి ఎంత బాగుంది! ఎక్కడ కొన్నావు?" అంది. పెద్దావిణ్ణి ఇక్కడ డో అని పిలుస్తారు.

"నేనే కుట్టుకున్నా."

"తెల్లచీర మీద అదొక్కటే వెలుగుతోంది."

ఈ వయసులో మెచ్చుకోలు. ఒడ్డు చేరేదాకా ఆ సంచిని ఒళ్లోనే పెట్టుకున్నాను.

దలాలో సైకిలు రిక్షా ఎక్కాను. తొక్కేవాడు కో సోమయ్య. కుర్రాళ్లను ఇక్కడ కో అంటారు. తల్లి బర్మా, తండ్రి మనవాడు. చేల దారిలోకి రాగానే వాన తెరిపిచ్చి ఎండ కాసింది. అప్పుడు మొదలైంది. ఒక జోరీగ సంచి మీద వాలింది. దాని వెనక రెండు. తర్వాత మందే వచ్చింది. గొడుగుతో కొడుతుంటే సోమయ్య మెడ మీద వాలాయి.

"ఓలమ్మో, బామ్మా! సంచిలో ఏటి, బెల్లమా?"

"మందులూ దారపు కండెలూరా."

"మందులకి ఇన్ని సుట్టాలేటి?"

అప్పుడు తట్టింది నాకు. ఈగలకు తెలివి ఉంది. లేనిది ఇంకెక్కడో.

ఎనిమిదిన్నరకు అప్పారావు ఇల్లు చేరాను. ఎవరినీ పలకరించకుండా సాల వెనక్కి నడిచాను. బోను ఎండలోనే ఉంది, చుట్టూ గడ్డి కోశారు, అన్నీ డాక్టరమ్మ చెప్పినట్టే. గుడ్డ మాత్రం నా గుడ్డ కాదు. నీలం పోయి నాచు రంగు తిరిగింది. పైన దోమతెర పెళ్లిబట్టలా పచ్చగా ఉంది. పక్కనే చుక్క నిండు పొట్టతో నిలబడి తోక విసురుతోంది. ఈగలు బోను మీదుగా ఎగిరి దాని మీదే వాలుతున్నాయి.

నన్ను అప్పా అని పిలిచే తోడికోడలు రమణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పసుపు నీళ్లల్ల ముంచినావేటే?" అన్నాను.

"ముంచనా మరి? సూలుతో ఉన్నదాని ఎదర నల్లగుడ్డ కడతారేటి అప్పా? కొత్త వస్తువు, పసుపు ముట్టకండా సాల కాడ ఎలగ పెడతాను?"

"పసుపు నల్లగుడ్డకేనా? కుట్టిన సేతికి కూడానా?"

రమణమ్మ పొయ్యి మీద టీ పొంగుతున్నట్టు లోపలికి పరిగెత్తింది. పొయ్యి ఇంకా వెలిగించలేదని తర్వాత చూశాను.

అప్పారావు తల గోక్కున్నాడు. "మీ ఆడోల్ల పసుపుకి నా ఆవు పోయేది."

"నీ ఆవు ఎప్పుడయింది? బేరగాడికి ఇచ్చేత్తానన్నప్పుడు నా ఆవు కదా!"

సాలలో పీట వేసుకుని కూర్చున్నాను. మందులూ దారపు కండెలూ గడ్డి మీద పోసి, ఫెర్రీలో మెప్పు పొందిన సంచిని కుట్టు వెంట కుట్టు విప్పాను. బోనుకున్న మూడు నీలం పలకలకూ చాలదు, ముందరి పలక ఒక్కదానికే సరిపోయింది. చేత్తో కుట్టేసరికి పదకొండయింది. గుడ్డను కట్టి, చేతులు కడుక్కుని, గోంగూర పులుసుతో అన్నం తిన్నాం. రమణమ్మ రెండుసార్లు వడ్డించింది, మూడోసారి కూడా వడ్డించబోయింది.

ఒంటిగంటకు ముగ్గురం వెళ్లి చూశాం. సీసాలో బుయ్యిమని రొద. అప్పారావు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక ఊరుకున్నాడు. చుక్క మీద ఈగలు పూర్తిగా పోలేదు గానీ, తోక కాస్త నిదానించింది.

"బేరగాడొత్తే నేదని సెప్పేత్తాను వొదినా" అన్నాడు సీసా కేసి చూస్తూ.

మూడింటికి నేను బయల్దేరుతుంటే రమణమ్మ పసుపు గిన్నె పట్టుకొచ్చింది.

"అప్పా, ఇది ఎక్కడ పెట్టమంటావు?"

"గుడ్డకి తప్ప ఎక్కడైనా పెట్టుకో. ఆవు నుదుట పెట్టు."

గిన్నె నా చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు."

నా చెయ్యి మంచిదని జోరీగలు రెండు గంటల్లో తేల్చాయి. మా తోడికోడలికి ఇంకో రెండు గంటలు పట్టింది. అయినా మనిషి కదా, ఎక్కువేమీ కాదు. చుక్క నుదుట పసుపు పెట్టాను. అది తల విదిలించి సగం పసుపును నా తెల్లచీరకు రాసింది.

నాలుగింటి ఫెర్రీ. మందులూ దారాలూ ప్లాస్టిక్ కవరులో. పొద్దుటి పిట్ట గుడ్ల ఆవిడే ఎదురైంది.

"సంచి ఏదీ?"

"ఈగలకిచ్చేశాను."

ఆవిడ నా ముఖమూ, చీర మీది పసుపు మరకా చూసి, బుట్ట ఎత్తుకుని అవతలి బెంచీకి వెళ్లిపోయింది.

బస్సు దిగేసరికి ఆరయింది. వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేదింతే. ఎండ కాసే రోజు చూసుకోండి. నీలం బట్ట కట్టుకుని వెళ్లకండి. బోనుకు పసుపు పెట్టకండి. చుక్క ఇంకా ఈనలేదు. నిన్న రమణమ్మ ఫోను చేసి, మిగిలిన రెండు పలకలకూ గుడ్డ ఎప్పుడు తెస్తావని అడిగింది. నువ్వే రా, పంపకు అంది.

అంతేనమ్మా సరోజా. రాయడం అయిందా? ఏటి, మొదట్లో ఆ మాట కొట్టేయనా అంటున్నావా? "ఈగలే కదా" అన్నదా? వద్దు. అన్నాను కాబట్టి ఉండనీ. కలం పక్కన పెట్టి, ఆయన మాట కాడ నుంచి మొదలెట్టి మెల్లగా చదువు, వింటాను.