చలిగా ఉందని చెప్పి ఎండలోకి వెళ్లిన వదిన

పోయిన వారం మా వదిన చనిపోయింది. ఎండదెబ్బ అన్నారు ఆసుపత్రిలో. షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం విసాపూర్‌లో బస్సు దిగింది. ఇల్లు చేరకముందే రోడ్డు పక్కన పడిపోయింది. పంక్చర్ల షాపతను మొహాన నీళ్లు కొట్టి ఆటో ఎక్కించాడు. అప్పటికే ఒళ్లు పెనంలా కాలిపోతోందట. ఆ పొద్దున్నే ఆమె ఫోన్లో ఎవరితోనో ‘ఇవాళ బాగా చలిగా ఉంది కదా’ అంది. పక్క కుర్చీలో నేనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

ఈ మాట మీకు అర్థం కావాలంటే మా పనేంటో చెప్పాలి. చంద్రపూర్‌లో ఒక టైర్ల దుకాణం పైన మా ఆఫీసు. ఆస్ట్రేలియాలో నీళ్ల పంపులు అమ్మే కంపెనీ ఒకటి ఉంది. అక్కడి రైతు పంపు ఆగిపోతే ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఇక్కడ మోగుతుంది. మేం ఎత్తి, వివరాలు రాసుకుని, అక్కడి మెకానిక్కుకు కబురు పంపుతాం. అక్కడ మనకంటే ముందే తెల్లారుతుంది. అందుకని మా షిఫ్టు పొద్దు పొడవకముందు మొదలై, సరిగ్గా ఎండ నెత్తికెక్కాక ముగుస్తుంది.

మేం ఇండియాలో ఉన్నామని చెప్పకూడదు. మా పేర్లు చెప్పకూడదు. ఫోన్లో వదిన పేరు ‘హెలెన్’. గుమ్మం పక్కన ఒక తెల్లబోర్డు ఉంటుంది. ముందొచ్చినవాళ్లు అక్కడి వాతావరణం దాని మీద రాయాలి. ఫోన్ చేసినవాడు వాన సంగతి ఎత్తితే మేం తడబడకూడదు కదా! మే నెలలో అక్కడ చలికాలం ముంచుకొస్తుంది. మా గోడల్లోంచి సెగ కొడుతుంటే మేం బోర్డు చూసి ‘చలి, చినుకులు’ అని చదువుతాం.

వదినకూ నాకూ రక్తసంబంధం లేదు. మా గల్లీ చివరి ఇల్లు వాళ్లది. ఆమె భర్త కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు. మా అమ్మ ఆమెను కోడలా అని పిలిచేది, నేను వదినా అనేదాన్ని. ఆఫీసులో చేరాక మరాఠీ పిల్లలు కూడా అదే పిలుపు పట్టుకున్నారు. నేను మరాఠీ బడిలో చదివాను. ఇంగ్లీషు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను, తెలుగు అక్షరాలు పాత పేపర్లు ముందేసుకుని కూడబలుక్కున్నాను. ఇందులో తప్పులుంటే ఉండనివ్వండి. నన్ను మేనేజరు ముందు కూర్చోబెట్టి ‘ఈ పిల్ల చేస్తది’ అని మాటిచ్చింది వదినే.

మొదటిరోజు ఆమె నేర్పింది ఒకటే.

"గొంతు నవ్వాలె పోరీ. మొఖం నీ ఇష్టం."

"తిట్టాలనిపిస్తే?"

"ఫోన్ పెట్టినంక తిట్టు. తెలుగుల తిట్టు. మరాఠీల తిడితే సార్‌కు సమజైతది."

మా మేనేజరు సార్‌ది నాగ్‌పూర్. తెలుగు ముక్క రాదు. ఆయన ఎదురుగానే ఆమె నవ్వు మొహంతో ఎన్నేసి మాటలు అనేదో ఇక్కడ రాయలేను.

రోజూ మొదటి ఫోన్ ఎత్తే ముందు ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని రాజురా వైపున్న తన పుట్టిన ఊరి పేరు గొణుక్కునేది. దేవుడికి దండమేమో అనుకున్నాను. అడిగితే, "పొద్దంత వేరే ఊరిదాన్నని చెప్పాలె గద. మా ఊరికి ఒక మాట చెప్పి పోతున్న" అంది.

ఒకసారి షిఫ్టు దిగి బస్టాండుకు నడుస్తున్నాం. చెరకురసం బండి దగ్గర ఆగాం. బండి అతను తెలుగువాడే. "వదినా, బరఫ్ వెయ్యాల్నా?" అన్నాడు.

"వద్దు నాయనా, ఈ చలికి గొంతు పడుతది."

అతను గ్లాసు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. తను ఏమందో తెలిశాక వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. "పొద్దటిసంది చలి చలి అని నాకే ఎక్కింది రా తమ్మీ! వెయ్, దండిగ వెయ్" అంది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

ఒకప్పుడు మాకు వ్యాన్ ఉండేది. షిఫ్టు దిగగానే అందరినీ ఇళ్ల దగ్గర దింపేది. ఆ కంపెనీ ఇంకో దేశంలో మాకంటే చవకగా చేసేవాళ్లను చూపించిందట. మేనేజరు అంతకంటే చవకగా ఒప్పుకుని కాంట్రాక్టు నిలబెట్టుకున్నాడు. వ్యాన్ ఆగిపోయింది. ఇక్కడ అప్పుడు చలికాలం, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ చలికాలంలోనే ఆస్ట్రేలియా నుంచి ఆ కంపెనీ పెద్దాయన ఒకడు వచ్చాడు. శాలువా కప్పాం, బొట్టు పెట్టాం. మీ దేశం ఎంత వేగంగా ఎదుగుతోందో చూస్తే ముచ్చటేస్తోంది అన్నాడు. ఇక్కడి ఎండ ఎంత హాయిగా ఉందో అన్నాడు. ప్రశ్నలున్నాయా అని అడిగాడు. అది మర్యాదకు అడిగే మాట. వదిన లేచి నిలబడింది. హెలెన్ గొంతుతో, చక్కటి ఇంగ్లీషులో, ఇంకొన్నాళ్లలో ఇదే ఎండ మనుషుల్ని చంపుతుంది సార్, వేసవికైనా మాకు వ్యాన్ ఇప్పించండి అంది. ఆయన చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాడు. ఇలాంటి స్థానిక విషయాలు మా భాగస్వామికే వదిలేస్తాం అన్నాడు. భాగస్వామి అంటే మా మేనేజరు. అందరం చప్పట్లు కొట్టాం.

బస్సులో వదిన కిటికీలోంచి చూస్తూ అంది: "పనేమో సముద్రం దాటి మన బల్ల మీదికి వచ్చింది. మనం అడిగిన మాట మాత్రం గుమ్మం దాటదట."

ఎండాకాలం రానే వచ్చింది. మధ్యాహ్నం పూట బయట తిరగొద్దని ఊళ్లో మైకు పెట్టి చెప్పేవాళ్లు. మా ఆఫీసులో మాత్రం రెండు గంటలకు తాళం పడాల్సిందే. కూలర్‌కు కరెంటు దండగట. చల్లబడే దాకా కూర్చుంటామని వదిన ఎన్నోసార్లు అడిగింది. "వహిని, ఇది ధర్మశాల కాదు" అనేవాడు మేనేజరు, వదినా అనే పిలుపును మరాఠీలోకి మార్చి. ఆమె చున్నీలు తడిపించి మా తలలకు చుట్టించేది. తెచ్చుకున్న మజ్జిగ మాలో చిన్నవాళ్లకు పోసి, అడుగున మిగిలింది తను తాగేది. ఆ రోజు కూడా అంతే. నాకు జ్వరంగా ఉందని మా సొంత అన్నయ్య వస్తే, అతని బండి మీద ముందే వెళ్లిపోయాను. వదిన ఒక్కతే బస్సెక్కింది.

ఆ సాయంత్రం ఆఫీసు గ్రూపులో మేనేజరు మెసేజ్ పెట్టాడు. చేతులు జోడించిన బొమ్మలు, కింద రెండు ముక్కలు: ఘటన ఇంటి దగ్గర జరిగింది, ఆఫీసుకు సంబంధం లేదు. రేపటి షిఫ్టు మామూలే. ఇంటి దగ్గరట! ఆఫీసుకూ ఇంటికీ మధ్యనున్న ఆ ఎండ ఎవరిది? ఫోన్ ఇక్కడికి మళ్లించినవాళ్లు ఈ చావు బాధ్యతను కూడా మా ఇళ్ల మీదికి మళ్లించారు కదా. వాళ్ల పని మా చేతికి, మా చావు మా గల్లీకి.

దహనం అయిన మర్నాడు పనికి వెళ్లాను. మేనేజరు నన్ను పిలిచి, ఇవాళ్టి నుంచి నువ్వు హెలెన్ అని మరాఠీలో అన్నాడు. నేనూ మరాఠీలోనే జవాబిచ్చాను.

"ఆమెను నిన్ననే కాల్చి వచ్చినం సార్."

"కస్టమర్లకు ఆ పేరు అలవాటు. వాళ్లకు తేడా తెలియకూడదు."

"మాకు తెలుస్తది. నేను పెట్టుకోను. ముందు వ్యాన్ సంగతి చెప్పండి."

క్లయింటును అడగాలన్నాడు. అడిగింది కదా మా వదిన, మీ ముందరే, అన్నాను. ఆయన ల్యాప్‌టాప్ వైపు తిరిగిపోయాడు.

రెండయింది. హెడ్‌ఫోన్లు తీశాం. ముందుగా ఏమీ మాట్లాడుకోలేదు, అయినా ఎవరూ లేవలేదు. మేనేజరు తాళం పట్టుకుని వచ్చి "చలా, చలా" అన్నాడు. కోఠారి నుంచి వచ్చే మరాఠీ పిల్ల, ఎప్పుడూ గొంతు లేవనిది, "ఊన్ ఉతరూ ద్యా, సర్" అంది. ఎండ దిగనివ్వండి అని. ఆయన కూలర్ ఆపేశాడు. ఫ్యాన్లు ఆపేశాడు. లైట్లు ఆపేశాడు. పేర్లు రాసుకుంటానన్నాడు. ఏ పేర్లు రాసుకుంటారు సార్, మీరు పెట్టినవా, మా ఇళ్లలో పెట్టినవా అని అడిగాను.

చెమట మెడల మీదుగా కారి కుర్చీలు తడిసిపోతున్నాయి. సరే, మీరిక్కడే కూర్చోండి, నేను పోతున్నా అని ఆయన విసురుగా గుమ్మం దాటాడు. కిందికి దిగేది ఇనుప మెట్లు. పక్కనున్న ఇనుప కమ్మీ మీద చెయ్యి వేశాడు, వేసిన చెయ్యి చప్పున లాక్కున్నాడు. అరచెయ్యి చూసుకున్నాడు, ఊదుకున్నాడు. కింద రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఇంకో చేతిలో తాళం వేలాడుతుండగా, ఆయన అడుగు వెనక్కి వేసి, గుమ్మం లోపల మా నీడలోకి వచ్చి నిలబడ్డాడు.