ఐదు నిమిషాలు ముందున్న మనిషి

మార్కెట్ భవనం నెత్తిమీద ఉన్న పెద్ద గడియారానికి కీ ఇచ్చే మనిషిని ఊరంతా టైమయ్య అనే పిలుస్తుంది. అసలు పేరు ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో అనుమానమే. ఆ భవనం కిందే ఆయన వాచీల రిపేరు కొట్టు. కొట్టంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. అందులో ఒకరు కూర్చుంటే రెండోవాళ్ళు నిలబడాలి, మూడోవాళ్ళు వస్తే రెండోవాళ్ళు బయటికి నడవాలి. ఓ గాజు బల్ల, దాని మీద పట్టకార్లు, సూదుల్లాంటి స్క్రూడ్రైవర్లు, కంటికి తగిలించుకునే నల్లటి భూతద్దం, గోడకి గురువుగారిచ్చి పోయిన లోలకం గడియారం. అంతే.

టైమయ్య లెక్కలో లోకం మొత్తం మీద సరైన టైము చెప్పేది ఆ గురువుగారి గడియారం ఒక్కటే. సోమవారం పొద్దున్నే దాన్ని చూసి చేతి వాచీ సరిచేసుకుంటాడు. ఆ వాచీతో మెట్లెక్కి పైనున్న పెద్ద గడియారాన్ని సరిచేసి కీ ఇస్తాడు. రేడియోవాళ్ళు వేరే టైము చెబితే, "అంత దూరం నుంచి గాల్లో ఎగిరి రావాలి కదా, ఆ మాత్రం ఆలస్యం అవుతుంది పాపం" అని జాలిపడేవాడు. టీవీ మీద ఆయన అభిప్రాయం ఇక్కడ రాయదగ్గది కాదు.

ఇంట్లో ఆయన పెత్తనం చెల్లేది కూడా ఈ టైము విషయంలోనే. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి సినిమాకి బయల్దేరిన రోజు నుంచి భార్యతో ఒకటే గొడవ. తను ఠంచనుగా గుమ్మంలో నిలబడేవాడు, ఆవిడ ఐదు నిమిషాల తర్వాత వచ్చేది. "గడియారాలు బాగుచేసేవాడి పెళ్ళాం ఇలా చేస్తే పరువేముంటుంది?" అని వీధి చివరిదాకా సణిగేవాడు. ఆవిడ పెదవి విప్పేది కాదు. చెప్పులు వేసుకుని ముందు నడిచేది. పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళయినా ఆ ఐదు నిమిషాలు తరగలేదు, ఆ సణుగుడూ ఆగలేదు.

అలాంటి మనిషికి స్మార్ట్‌ఫోన్ కొనాల్సిన అవసరం మార్కెట్ ఆఫీసు తెచ్చిపెట్టింది. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఆయన్ని పిలిపించి, కుర్చీ వేయించి, ఎంతో మర్యాదగా గుండెల్లో రాయి వేసింది.

"బాబాయ్ గారూ, ఇకనుంచి కీ ఇచ్చిన వెంటనే గడియారాన్ని ఫోటో తీసి మా యాప్‌లో పంపాలి. ఫోటో మూలన టైము దానంతటదే పడుతుంది. ఆ టైమూ గడియారం టైమూ కలవకపోతే గడియారం పాడైందని పైవాళ్ళ లెక్క. కరెంటు గడియారం పెట్టేయమంటారు."

"నా గడియారం టైము కలవకపోవడమా?" అని టైమయ్య నవ్వాడు. కానీ మెట్లు దిగుతుంటే ఆ నవ్వు నిలబడలేదు. పైనున్న ఇనప చక్రాలు, తాళ్ళకి వేలాడే ఆ బరువులు, ఆ కీ, ఇవన్నీ చేతిలోంచి పోతే మిగిలేది బ్యాటరీలు మార్చే కొట్టు మాత్రమే.

ఫోన్ కొనిపెట్టి, నేర్పించే పని కోడలి మీద పడింది. ఆ అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సూది చూసి పారిపోయే పెద్దమనుషుల్ని కూడా బుజ్జగించి కూర్చోబెట్టగల ఓపిక ఉంది కనుక ఈ పనికి సరిపోయింది.

మొదట వేలిముద్ర. టైమయ్య వేళ్ళు దశాబ్దాలుగా నూనెలో, ఇత్తడి పొడిలో అరిగిపోయి అద్దాల్లా నున్నగా ఉన్నాయి. ఏ వేలు పెట్టినా ఫోన్ ససేమిరా అంది. "పోనీ ముఖం పెడదాం మామయ్యా" అంది కోడలు. ఆయన పని మధ్యలో ఉన్నాడేమో, కంటికి భూతద్దం అలాగే ఉంది. ఫోన్ ఆ ముఖాన్నే ఖాయం చేసుకుంది. అప్పట్నుంచి కంటికి భూతద్దం ఉంటే తప్ప ఆయన్ని గుర్తుపట్టేది కాదు. బస్సులో మెసేజి చూసుకోవాలన్నా జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించేవాడు. పక్క సీటాయన మెల్లగా లేచి నిలబడేవాడు. మళ్ళీ కొత్తగా ముఖం పెడతానని కోడలు ఎంత చెప్పినా వినలేదు. "వద్దమ్మా. తాళం గట్టిగా ఉంది" అన్నాడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఫోన్‌ని ఆయన ప్రేమించాడు. టార్చి చూసి మురిసిపోయాడు. అక్షరాలు పెద్దవి చేసి చూపించే యాప్ చూసి, "ఇది నా పొట్టకొట్టడానికి వచ్చింది" అంటూనే రోజంతా వాచీ పళ్ళచక్రాలు చూశాడు. బల్ల ఎటు వాలిందో చెప్పే యాప్ పుణ్యమా అని ఇంట్లో ఉన్న ప్రతి బల్ల కింద అట్టముక్కలు దూర్చాడు. మాట్లాడితే టైపు చేసే యాప్‌తో గంటల తరబడి ముచ్చటించాడు. అడుగులు లెక్కపెట్టే యాప్‌తో మాత్రం పొసగలేదు. "ఇవాళ మీరు బాగా తక్కువ నడిచారు" అని అది అనేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. "కూర్చుని పనిచేసేవాణ్ణి పట్టుకుని ఏంటా మాట?" అని దాన్ని తీయించేశాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆదివారం సాయంత్రం కొట్లో ఒంటరిగా కూర్చుని ఫోన్ టైము వైపు చూశాడు. గురువుగారి గడియారం వైపు చూశాడు. ఫోన్ ఐదు నిమిషాలు వెనకుంది.

ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి ఆలోచించేవాళ్ళు. టైమయ్య వృత్తి వేరు కదా. కొత్త వాచీ ఏది కొట్లోకి వచ్చినా ముందు దాని టైము సరిచేయడం ఆయనకి చేతి అలవాటు. "కంపెనీలోంచి రావడమే ఇలా వచ్చింది పాపం" అని భూతద్దం బిగించి సెట్టింగుల్లోకి దిగాడు. అక్కడ టైము దానంతటదే సరిచేసుకుంటుందని రాసి ఓ మీట కనిపించింది. "ఎవర్నడిగి?" అని దాన్ని ఆపేశాడు. ఆపగానే తెరమీద గుండ్రటి గడియారం, దానికో ముల్లు ప్రత్యక్షమయ్యాయి. ఇంత పెద్ద ఫోన్‌లో తనవాడొకడు దొరికినట్టు ఆయన ముఖం వెలిగిపోయింది. ముల్లుని వేలితో నెమ్మదిగా తిప్పి గురువుగారి టైముకి నిలబెట్టాడు. పక్కనే ఏఎం, పీఎం అని రెండు గడులున్నాయి, వాటిలో ఏఎం వెలుగుతోంది. ఆ వైపు కన్నెత్తి చూడలేదు. ఆయన జన్మలో ఏ గడియారమూ పగలో రాత్రో చెప్పమని అడిగిన పాపాన పోలేదు.

అలా సాయంత్రం కాస్తా పొద్దున అయిపోయింది.

మర్నాడు అలారం మోగలేదు. అలవాటు కొద్దీ టైమయ్య తనే లేచి, పైకెక్కి కీ ఇచ్చి, భూతద్దం పెట్టుకుని యాప్ తెరిచాడు. 'మీ ఫోన్‌లో టైము తప్పు' అంది యాప్. టైమయ్యతో జీవితంలో ఎవరూ ఆ మాట అనలేదు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ అదే మాట. మిగతా యాప్‌లు కూడా దానికి వంతపాడాయి. వాతావరణం చూద్దామంటే ఎర్రటి ఎండలో చందమామ బొమ్మ చూపించింది. సాయంత్రం ఒక పాత వాచీ స్ప్రింగుని పట్టకారుతో ఊపిరి బిగబట్టి పట్టుకుని ఉండగా, పొద్దున్న మోగాల్సిన అలారం అప్పుడు గుండెలదిరేలా మోగింది. స్ప్రింగు ఎగిరిపోయింది. ఈరోజుకీ దొరకలేదు.

ఫోటో రాలేదని ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. "ఈసారికి పైవాళ్ళకి నేను సర్దిచెబుతాను బాబాయ్ గారూ. వచ్చే సోమవారం కూడా రాకపోతే నా చేతుల్లో ఉండదు" అంది.

డ్యూటీ నుంచి వచ్చిన కోడలు ఫోన్ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుని, ఆపేసిన మీటని మళ్ళీ వేసింది. వేయగానే ఫోన్ చక్కబడింది, ఐదు నిమిషాలు వెనక్కీ పోయింది.

"చూశావా? మళ్ళీ వెనకబడింది!"

"ఫోన్ వెనకబడదు మామయ్యా. అది నెట్‌వర్క్ నుంచి తీసుకుంటుంది."

"ఆ నెట్‌వర్క్ ఎవర్ని చూసి తీసుకుంటుందీ?"

టైమయ్య ఇక ఊరి మీద పడ్డాడు. బేకరీ ఆయన ఫోన్ అడిగి చూశాడు. మందుల షాపు అమ్మాయిది చూశాడు. బస్సు డ్రైవరుది చూశాడు. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే టైము చూపించాయి. అదీ గురువుగారి టైము కాదు. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముఖం చూస్తే ఎవరో పోయినట్టే ఉంది.

"ఊళ్ళో ఫోన్లన్నీ తప్పయినా అయ్యుండాలి, మన గడియారమైనా తప్పయ్యుండాలి" అన్నాడు భార్యతో.

ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తకుండానే, "మనదేనండీ. ఐదు నిమిషాలు ముందుంటుంది" అంది.

"నీకెలా తెలుసు?"

"ఊరందరికీ తెలుసు. అందరూ ఐదు నిమిషాలు తీసేసే చూసుకుంటారు. మీ గురువుగారు పొద్దున్నే లేవలేక ముందుకి తిప్పుకుని ఉంటారు, మహానుభావుడు."

"మరి ఒక్కరూ నాతో అనలేదే!"

"మీతో ఎవరంటారు? ముక్కు మీద కోపం. అయినా మీరంత గర్వంగా మెట్లెక్కి పోతుంటే చూసి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?"

తన టైము చూసి నడుస్తోందనుకున్న ఊరు ఇన్నేళ్ళూ తన తప్పుని దిద్దుకుంటూ నడిచింది. సిగ్గేసింది. ఆ తర్వాత భయమేసింది. ఫోటోలో ఈ ఐదు నిమిషాల తేడా పడితే గడియారం పాడైందని రాసేస్తారు. కీ పోతుంది. ఇక ఒకటే దారి.

సోమవారం తెల్లారకముందే మెట్లెక్కాడు. గురువుగారికి మనసులో దండం పెట్టుకుని, ఫోన్‌ని పక్కన ఆనించి, పెద్ద ముల్లుని ఐదు నిమిషాలు వెనక్కి తెచ్చాడు. కీ ఇచ్చాడు. ఫోటో తీశాడు. 'అందింది' అంది యాప్, ఆకుపచ్చ టిక్కు కూడా పెట్టింది. ప్రాణం లేచొచ్చింది. గట్టెక్కాననుకుని కిటికీలోంచి కిందికి చూశాడు.

పనులకి వెళ్ళే మొదటి బస్సు స్టాపులో ఆగి ఉంది. సందులోంచి జనం వస్తున్నారు. ఒక్కొక్కరూ తలెత్తి గడియారం చూస్తున్నారు, మనసులో ఐదు తీసేస్తున్నారు, నడక నిదానం చేస్తున్నారు. బేకరీ దగ్గర ఇద్దరు ఆగి కబుర్లు మొదలుపెట్టారు. మందుల షాపు అమ్మాయి తీరిగ్గా జడ వేసుకుంటూ వస్తోంది.

"పరుగెత్తండర్రా! బస్సు!" అని టైమయ్య పైనుంచి గొంతు చించుకున్నాడు.

అందరూ తలెత్తి ఆయనకి చెయ్యి ఊపారు. ఆయన మళ్ళీ అరిచాడు, వాళ్ళు మళ్ళీ ఊపారు. ఖాళీ బస్సు కదిలి మలుపు తిరిగింది. అప్పుడు చూడాలి ఆ గోల. అందరికంటే వెనక చేతిసంచీ ఊపుకుంటూ పరుగెత్తి, బస్సు అందక రోడ్డు మధ్యలో నిలబడిపోయిన మనిషిని గుర్తుపట్టి టైమయ్య కిటికీ కిందికి వంగి దాక్కున్నాడు. ఆవిడ ఆఫీసరమ్మ.

ఫోన్ మోగింది.

"బాబాయ్ గారూ! గడియారాన్ని ఏం చేశారు?" ఆవిడ ఇంకా రొప్పుతోంది.

"సరిచేశానమ్మా."

"ఎవరు చెయ్యమన్నారు?"

"మీరేనమ్మా. ఫోటోలో టైము కలవాలన్నారుగా."

ఆవిడ చుట్టూ మూగిన జనం ఏకరువు పెడుతున్న తిట్లు కొన్ని ఫోన్‌లోంచి చెవినపడ్డాయి.

"మీరు ముందు దాన్ని ఎప్పట్లా పెట్టేయండి. ఐదు నిమిషాల తేడా మామూలేనని యాప్‌లో నేను రాయిస్తాను."

"మరి కరెంటు గడియారమో?" అని టైమయ్య గుండె చిక్కబట్టుకుని అడిగాడు.

"అది ఎప్పుడూ సరైన టైమే చూపిస్తుంది బాబాయ్ గారూ. ఈ ఊరికి పనికిరాదు."

టైమయ్య లేచి ముల్లుని ఐదు నిమిషాలు ముందుకి తిప్పాడు. కిందనుంచి చప్పట్లు వినిపించాయి. తప్పు టైము పెట్టినందుకు చప్పట్లు కొట్టించుకున్న మొదటి గడియారాలవాడు తనేనేమో. అయినా ఆయనకి ఆనందంగానే ఉంది. కీని జేబులో వేసుకుని, జేబు మీదనుంచే దాన్ని తడుముకుంటూ మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం, కీ నిలబడిన సంబరంలో, భార్యని సినిమాకి బయల్దేరమన్నాడు. టికెట్లు కూడా ఫోన్‌లోనే తీశాడు, భూతద్దం పెట్టుకుని. అలవాటు ప్రకారం చేతి వాచీ చూసుకుని ఠంచనుగా గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ రాలేదు. సణగడానికి నోరు కూడా తెరిచాడు. అంతలో ఎందుకో ఫోన్ బయటికి తీశాడు.

ఫోన్‌లో ఇంకా ఐదు నిమిషాలుంది.

చేతి వాచీ చూశాడు. ఫోన్ చూశాడు. ఆయన తలలో ఏదో పళ్ళచక్రం ఒక పన్ను ముందుకి జరిగింది. మొదటి సినిమా, పిల్లల బడి, పెళ్ళిళ్ళు, రైళ్ళు, వీధి చివరిదాకా తన సణుగుడు, నోరెత్తకుండా ముందు నడిచే ఆవిడ, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

ఫోన్‌లో అంకె సరిగ్గా అనుకున్న టైముకి మారింది. లోపల తలుపు చప్పుడైంది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి చెప్పుల కోసం వంగి, తిట్ల కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక క్షణం ఆగింది.

"సరిగ్గా టైముకి వచ్చావే" అన్నాడు టైమయ్య.

ఆవిడ చెప్పులు వదిలేసి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.