ఒకే కొలత పచ్చనోట్లు

ఈ దేశం వాళ్లకి చంద్రుడి మీదకి మనిషిని పంపడం వచ్చింది గానీ, ఐదు డాలర్ల నోటుని ఇరవై నోటు కంటే కాస్త పొట్టిగా కొట్టడం మాత్రం చేతకాలేదు. డెబ్బైల చివర్లో ట్రాయ్ అనే ఊళ్లో మా ఇంట్లో ఈ మాట అని తిట్టుకోని రోజు లేదు. మీకు నవ్వులాటగా ఉంటుంది. నాకు ఒళ్లు మండిపోయేది.

మా ఆయన కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసే ఇంజనీరు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతూ వచ్చింది. మందు లేదన్నారు డాక్టర్లు. ముందు డ్రైవింగ్ పోయింది, తరవాత ఉద్యోగం. మిగిలింది ఒక్కటే: పొద్దున్నే వీధి చివర స్టోర్‌కి తడుముకుంటూ నడిచి వెళ్లి, పాలో బ్రెడ్డో కొని, తన చేత్తో డబ్బులిచ్చి రావడం. ఆ ఒక్కటీ పోకుండా ఉంటే చాలు దేవుడా అనుకునేదాన్ని.

మొదట్లో నోటుని ముక్కుకి ఆనించుకుని, బొమ్మని బట్టి పోల్చేవారు. గడ్డం ఉంటే ఐదు, జుట్టు పైకి ఎగదువ్వితే ఇరవై, మూతి బిగించుకుని చూస్తుంటే ఒకటి. "ఎంత సన్నటి గీతలే! నా తరం కాదు" అని మెచ్చుకునేవారు కూడా. తరవాత ఆ మొహాలూ అలుక్కుపోయాయి. అన్నీ ఒకే కొలత, వెనక అంతా ఒకే పచ్చ. మన రూపాయి నోటుకీ వంద నోటుకీ తేడా కళ్లు మూసుకున్నా చేతికి తెలిసేది. కోపం పట్టలేక లైబ్రరీకి వెళ్లి పుస్తకం తిరగేశాను. వెనకటికి ఇక్కడి నోట్లు ఇంకా పెద్దవిట. పంతొమ్మిది వందల ఇరవైల చివర్లో అన్నిటినీ కుదించి, ఏ నోటు మీద ఎవరి బొమ్మో ఖాయం చేశారట. అంత పని పెట్టుకున్నవాళ్లు అప్పుడైనా తలో కొలతా చెయ్యొచ్చు కదా! ఎవరినని అడగను?

పెళ్లిళ్లలో తాంబూలానికి ఆకులు చిలకలు చుట్టడంలో నాకు పేరుండేది. ఆ విద్యే వాడాను. ఒకటి మడవకుండా, ఐదు అడ్డంగా, పది నిలువుగా, ఇరవై ముక్కోణంగా చిలక చుట్టి పర్సులో పెట్టేదాన్ని. ఆయన ముఖం వెలిగిపోయింది. నెలరోజులు రాజాలా వెళ్లొచ్చారు.

ఇచ్చే నోటుకి మడత వేశాను సరే, తిరిగొచ్చే నోటుకి ఎవరు వేస్తారు? నా బుర్రకి అది తట్టనే లేదు. ఓ రోజు పాలకి చిలక చుట్టిన ఇరవై ఇచ్చి, చిల్లర తెచ్చి నా చేతిలో పెట్టారు. పది బదులూ ఒకటే, ఐదు బదులూ ఒకటే.

"వాడి మొహం మండ! ఇప్పుడే వెళ్లి కడిగేసి వస్తాను" అని కారు తాళాలు తీశాను.

"వద్దే" అన్నారాయన. "పొరపాటో, మోసమో. నువ్వు అరిచేసి వచ్చేస్తావు. రేపు ఆ తలుపు తోసుకుని వెళ్లాల్సింది నేను."

తాళాలు మళ్లీ మేకుకి తగిలించాను.

మర్నాటి నుంచి పర్సు నిండా ఒకట్లే పెట్టమన్నారు. ఒకట్లు ఇస్తే తిరిగొచ్చేవి నాణేలే, నాణేలు వేళ్లకి తెలుస్తాయి. "ఇంక నన్నెవరూ ఏమీ చెయ్యలేరు" అన్నారు. ఇంజనీరు బుర్ర కదా!

ఆ చలికాలం నాకు కోటు కొందామని పెద్ద షాపుకి వెళ్లాం. చేత్తో తడిమి, మెత్తటిది ఆయనే ఎంచారు. పెళ్లైన దగ్గర్నుంచీ నా బట్టలకి ఆయనే డబ్బివ్వాలి, నన్ను పర్సు తియ్యనివ్వరు. కౌంటర్ దగ్గర అమ్మాయి రేటు చెప్పింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి, ఒకట్లతో లావుగా ఉబ్బిన పర్సు సగం బయటికి తీశారు. వెనక క్యూలో ఎవరో దగ్గారు. పర్సు మళ్లీ లోపలికి తోసేసి, నా వైపు తిరక్కుండానే, "నువ్వే ఇచ్చెయ్యి" అన్నారు.